కుర్చీ మార్పిడి

రిచ్‌మండ్ హిల్,
నవంబరు 9.

ప్రియమైన చంద్రీ,

ఫోన్ చేసుకుంటే పోట్లాటే మిగులుతోంది కనుక ఇకమీదట ఉత్తరాలు రాసుకుందామన్నావు. సరే, రాస్తున్నాను. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు కదా.

ముందు నా గొడవ విను. మన కందిపొడి, నల్లకారం పొట్లాలు మళ్ళీ ఆగిపోయాయి. లేబుల్ మీద ఇంగ్లీషుతో పాటు ఉండాల్సిన ఫ్రెంచి సరిగా లేదట. రిచ్‌మండ్ హిల్‌లో నల్లకారం కొనే ఫ్రెంచివాడు ఎవడైనా ఉంటే చూపించమను, వాడికి జీవితాంతం ఉచితంగా పోస్తాను. ఐటీ ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టింది ఇందుకా? నేనూ అనంతూ ఇద్దరం కలిసి నాలుగు పొడులు తెప్పించి కొట్లకు వేసుకుంటుంటే, మమ్మల్ని కాయడానికి ఒక ఆఫీసు, ఆ ఆఫీసును కాయడానికి ఇంకో ఆఫీసు. అందరికీ జీతాలు మన పన్నుల్లోంచే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఒట్టావా వాళ్ళ ఖర్చు.

నా భుజం సంగతి కూడా అంతే. ఎమ్మారైకి మే నెలలో రమ్మన్నారు. డబ్బిస్తాను, ఇప్పుడే తీయండయ్యా అంటే చట్టం ఒప్పుకోదన్నారు. నొప్పి నాది, డబ్బు నాది, మధ్యలో చట్టం ఎవరిదో మరి. ఏప్రిల్ ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీ తరఫున ఇల్లిల్లూ తిరిగి నేను చెప్పిందంతా ఇదే. ఖర్చు తగ్గించండి, రూల్సు తగ్గించండి, గవర్నమెంటు ఉద్యోగాలు తగ్గించండి అని. ఒకావిడ అంతా విని, మీ ఆవిడ ఏం చేస్తారండీ అని అడిగింది. ఫెడరల్ గవర్నమెంటు ఆఫీసులోనే ఉద్యోగమని చెప్పాల్సొచ్చింది. తలుపు వేసేశాక కూడా ఆవిడ నవ్వు వినపడుతూనే ఉంది.

వచ్చేయ్ చంద్రీ. ఆ రెజైనాలో, ఆ చలిలో ఒక్కదానివీ ఏం చేస్తావు? ఉద్యోగమని వెళ్ళి మూడేళ్ళయింది. ఈ ఇంట్లో పొయ్యి మీద ఒక్కడి కోసం అన్నం వండుకోవడం నాకు విసుగెత్తింది.

అన్నట్టు, నీ కారు స్టార్ట్ కాకపోతే సాయి కిరణ్ వచ్చి చూశాడన్నావు. ఆఫీసులో నీ పక్కన కూర్చునేది అతనేనా? మంచిదే. ఊరికే అడిగాను.

నీ
జయదేవ్


రెజైనా,
నవంబరు 22.

ప్రియమైన శ్రీవారికి,

ఊరికే అడిగాను అని చివర్లో రాశారు చూడండి, అప్పుడే తెలిసింది ఊరికే అడగలేదని. అవును, పక్కన కూర్చునేది అతనే. కరీంనగర్ వాళ్ళు. భార్య పేరు నిఖిల, కడుపుతో ఉంది. నా కారు చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ కూడా వచ్చి, మన ఇంట్లో పప్పుచారు పోసుకుని తిని వెళ్ళింది. ఇంకేమైనా వివరాలు కావాలంటే అర్జీ పెట్టుకోండి.

నా ఉద్యోగాన్ని మీరు ఎన్నికల్లో తిట్టారు, ఉత్తరంలో కూడా తిట్టారు. నేను చూసేవి ముసలివాళ్ళ పెన్షన్ కాగితాలు. మొన్న ఒక రైతు భార్య, మొగుడు పోయి ఏడాదైంది, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతోంది. ఆవిడ పని నేను పూర్తి చేశాను. ఆ పూట ఇంటికొచ్చి ఒక్కదాన్నే స్వీటు చేసుకుని తిన్నాను. రూల్సు ఎక్కువయ్యాయని మీరంటే కాదనను, వాటితో రోజూ కుస్తీ పట్టేది నేనే. కానీ ఆ కుస్తీ పట్టే మనిషిని కూడా తీసేయమంటారేమిటి?

వచ్చేయమంటారు. వచ్చి ఏం చేయను? మీ పొట్లాలకు స్టిక్కర్లు అంటించనా?

దానికి బదులు మీరే రండి. ఇక్కడ డబ్బు కట్టి ఎమ్మారై తీయించుకోవచ్చు. మీరు ఇల్లిల్లూ తిరిగి అడిగినది మా సస్కచెవాన్ రాష్ట్రంలో ఎప్పుడో ఉంది. మీకు నచ్చిన చట్టం, మీరు కట్టుకున్న పెళ్ళాం, రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. మూడు గంటల విమానం. నేను సెలవు పెడతాను.

మీ
చంద్రిక


రిచ్‌మండ్ హిల్,
డిసెంబరు 14.

ప్రియమైన చంద్రీ,

రావాలనే ఉంది. కానీ డిసెంబరులో కొట్లవాళ్ళు సరుకు కోసం ప్రాణం తీస్తారు, అనంత్ ఒక్కడివల్ల కాదు. శనివారం పార్టీ మీటింగు కూడా ఉంది. హెల్త్ కేర్ చట్టం మీద నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. జనవరిలో చూద్దాం.

మీ ఆఫీసు భోజనాల ఫొటో పెట్టావు. పన్నెండు మంది ఉన్నారు. పని వేళలో విందులు, బాగుంది, అవి కూడా నా పన్నుల్లోంచే అయి ఉంటాయి. నీ పక్కన బూడిదరంగు స్వెట్టరు వేసుకున్నవాడే కదా సాయి కిరణ్? అతనేదో అన్నాడు, నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వుతున్నావు. ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. చిన్నది చేసి చూశాను. నువ్వు అలా నవ్వడం నేను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తెలియడం లేదు.

అసూయే. కాదని ఎందుకు బుకాయించాలి? అతనికి భార్య ఉందని తెలుసు, నువ్వేమిటో కూడా తెలుసు. తెలిసినా కడుపులో మంట తగ్గడం లేదు. అతని మీదే కాదు, మీ ఆఫీసు కాఫీ మెషీను మీద కూడా మంటగానే ఉంది. రోజూ నీ మొహం చూసే ప్రతి దాని మీదా ఉంది. నేను ఫెడరల్ ఉద్యోగాలు తీసేయాలని మీటింగుల్లో గొంతు చించుకున్నప్పుడు, నిజం చెప్పనా, నా కళ్ళ ముందు దేశం లోటు బడ్జెట్ లేదు. నీ కుర్చీ, దాని పక్క కుర్చీ ఉన్నాయి.

వచ్చేయ్. ఎన్నిసార్లు అడగమంటే అన్నిసార్లు అడుగుతాను.

నీ
జయదేవ్


రెజైనా,
జనవరి 18.

ప్రియమైన శ్రీవారికి,

మీ నోటి చలవ. ఖర్చు తగ్గించాలన్న మీ పాట ఇప్పుడు మీ మీద గెలిచిన అవతలి పార్టీవాళ్ళు కూడా అందుకున్నారు. మా ఆఫీసులో కొందరికి మీ ఉద్యోగాలు ఉండవని కాగితాలు వచ్చాయి. నాకు రాలేదు. సాయి కిరణ్‌కు వచ్చింది. నిఖిలకు ఎనిమిదో నెల. అతను ఆ కాగితం బల్ల మీద బోర్లా పెట్టి సాయంత్రం దాకా పని చేసుకున్నాడు.

ఒక దారి ఉంది. మా దగ్గర దాన్ని ఆల్టర్నేషన్ అంటారు. ఉద్యోగం పోయే మనిషి ఉండిపోవాలనుకున్నాడు, ఉద్యోగం నిలిచిన మనిషి వెళ్ళిపోవాలనుకుంది, అలాంటప్పుడు పైవాళ్ళు ఒప్పుకుంటే ఇద్దరూ కుర్చీలు మార్చుకోవచ్చు. వెళ్ళిపోయేవాళ్ళకు కొన్ని నెలల జీతం చేతిలో పెట్టి పంపుతారు.

నేను నా పేరు ఇద్దామా అని ఆలోచిస్తున్నాను. ఫిబ్రవరి ఆఖరులోగా చెప్పాలి. మీరేమంటారు? ఈసారి కాస్త నిదానంగా చదివి, నిదానంగా జవాబు రాయండి. మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ
చంద్రిక


రిచ్‌మండ్ హిల్,
జనవరి 26.

చంద్రికా,

నిదానంగానే చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది.

మూడేళ్ళు గడ్డం పట్టుకుని బతిమాలాను. ఉద్యోగం, గౌరవం, నా కాళ్ళ మీద నేను అంటూ అంగుళం కదల్లేదు. అతని కుర్చీ కదలగానే నీది తీసి ఇచ్చేస్తావా? మొగుడు ఒంటరిగా ఉంటే రాని జాలి, పక్క సీటువాడి ఉద్యోగం పోతుంటే వచ్చిందా? అతను అడిగాడా? ఎక్కడ అడిగాడు, ఆఫీసులోనా, కారులోనా? నిఖిలకు తెలిసే అడిగాడా?

పోనీ న్యాయం చూడు. ప్రభుత్వం తగ్గాలంటే కుర్చీ పోవాలి. ఇక్కడ కుర్చీ అలాగే ఉంటుంది, కూర్చునే మనిషి మారతాడు, పైగా లేచినందుకు నీకు పన్నుల్లోంచి డబ్బు. దీన్ని పొదుపు అంటారా? మా మీటింగులో చెబితే నవ్వుతారు. నా పెళ్ళామే ఈ పని చేసిందంటే ఇంకా నవ్వుతారు. అనంత్‌కు చెప్పాను. వాడు నా వైపు అదోలా చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

అతని కోసం నువ్వు ఇంత చేస్తావని అనుకోలేదు.

జయదేవ్


రిచ్‌మండ్ హిల్,
ఫిబ్రవరి 15.

చంద్రికా,

ఇరవై రోజులయింది, జవాబు లేదు. ఫోన్ ఎత్తవు. కోపంలో రాశాననే అనుకో. కానీ నేను అడిగినదానికి సమాధానం చెప్పకపోతే ఏమనుకోవాలి? సంతకం పెట్టేశావా? పెట్టేశావనే అనుకుంటున్నాను. నా మాటకు విలువ ఉండేటట్టయితే ఇంతదాకా వచ్చేది కాదు.

నీ ఇష్టం. ఏం చేసుకుంటావో చేసుకో.

జయదేవ్


రెజైనా,
మార్చి 15.

జయదేవ్ గారికి,

సాయి కిరణ్ ఉద్యోగం నిలిచింది. మా ఆఫీసులో మార్గరెట్ అని ఒక పెద్దావిడ ఎలాగూ రిటైరవుదామని చూస్తున్నారు. ఆవిడ తన కుర్చీ అతనికిచ్చారు. నిఖిలకు పోయిన వారం ఆడపిల్ల పుట్టింది. అతను నన్ను ఏనాడూ ఏదీ అడగలేదు. నేను మీకు అలా రాశానని అతనికి ఇప్పటికీ తెలియదు.

నేను వెళ్ళిపోదామనుకున్నది మీ దగ్గరకు. ఇంకెక్కడికి వెళతాననుకున్నారు? జనవరిలో మీకు రాసేనాటికే ఇల్లు ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేశాను. వచ్చే డబ్బు ఉంటే, అక్కడ ఉద్యోగం దొరికేదాకా మీ ముందు చెయ్యి చాపక్కరలేదు. మూడేళ్ళుగా నన్ను ఆపింది అదొక్కటే, ఉత్త చేతులతో రావడం. ఆ అడ్డం తొలగిపోయింది, తలెత్తుకుని ఇంటికి వెళ్ళొచ్చు అని ఎంత సంబరపడ్డానో. నేనే ముందు చెప్పేయగలిగేదాన్నే. కానీ వచ్చేయ్ అని మీరు ఇంకొక్కసారి అంటే వినాలనిపించింది, అందుకే మీరేమంటారు అని అడిగాను.

మీ ఉత్తరం ఆఫీసు పార్కింగులో కారులో కూర్చుని విప్పాను. అందులో సాయి కిరణ్ ఉన్నాడు, నిఖిల ఉంది, అనంత్ చూపు ఉంది, పన్నులున్నాయి, పార్టీ మీటింగు ఉంది. వెనక్కి తిప్పి కూడా చూశాను. వచ్చేయ్ అన్న మాట లేదు. నేను రానన్నప్పుడల్లా రమ్మన్నారు. వస్తానంటే ఎవరి కోసం లేస్తున్నావని అడిగారు. అయినా ఫిబ్రవరి ఆఖరుదాకా ఆగాను. ఈలోగా వచ్చిన రెండో ఉత్తరంలో ఏం చేసుకుంటావో చేసుకో అన్నారు.

మీకొక్కరికే అసూయ ఉందనుకోకండి. నాకూ ఉంది. చేతులు కొంకర్లు పోయే చలిలో జయదేవ్ తలుపు తలుపూ కొడుతున్నాడు, మొహం మీద వేసేసిన ఇంటికి కూడా మర్నాడు మళ్ళీ వెళ్ళి నవ్వుతూ మాట్లాడుతున్నాడు అని అనంత్ గొప్పగా చెప్పినప్పుడు, ముక్కూ మొహం తెలియని ఆ రిచ్‌మండ్ హిల్ వాళ్ళను చూసి కుళ్ళుకుని చచ్చాను. ఈ మూడేళ్ళలో మీరు రెజైనా వచ్చి నా తలుపు ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఇప్పుడు రమ్మని రాస్తారు, నాకు తెలుసు. రాయకండి. పేర్లు ఇచ్చే గడువు అయిపోయింది. ఓనరుతో మాట్లాడి ఇల్లు మళ్ళీ నా పేరునే తీసుకున్నాను. నేను ఇక్కడే ఉంటున్నాను.

చంద్రిక