కుంట ఎవరెవరిది

పెనుకొండ,
19 అక్టోబరు 2025, ఆదివారం.

ప్రియమైన ఉమకు,

మాధవీలత రాస్తున్నది. నువ్వూ, మీ అమ్మ యశోదమ్మ గారూ ధర్మవరంలో కులాసాగా ఉన్నారని, అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తూ మొదలుపెడుతున్నాను. నేను బాగానే ఉన్నాను. నువ్వు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నావని హిందూపురం ఆఫీసులో ఎవరో అంటే విన్నాను. నీకది నప్పుతుంది. ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే ఓపిక నీకుంది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మెసేజీలు చేరడం లేదు. నా నంబరు తీసేసి ఉంటావు, తప్పని అనను. పాత రిజిస్టరులో మీ ఇంటి చిరునామా దొరికితే ఈ ఉత్తరం రాస్తున్నాను. చేతిరాత గుర్తుపట్టి పక్కన పడేయకుండా ఇక్కడిదాకా చదివితే, ఒక కబురు. గుట్టకిందపల్లి కుంట నిండింది. మూడేళ్ళలో మొదటిసారి నీళ్ళు అలుగు దాటి పారాయి.

అది ఎలా నిండిందో నీకు చెప్పాలి. అందులో కొంత నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ రాస్తాను.

ఆ కుంట పూడిక తీసి కట్ట పటిష్టం చేసే పని మన సంస్థ చేతికి వచ్చినప్పుడు, ముందుగా ఆ నీళ్ళతో సంబంధం ఉన్నవాళ్ళందరి పేర్లూ రాసి, వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి, సంతకాలు తీసుకోమని రాఘవేంద్ర సార్ చెప్పారు. నేను ఊళ్ళోకి వెళ్ళి కుర్చీ వేయించుకుని, ఈ కుంట ఎవరెవరికి కావాలని అడిగాను. కట్ట కింద పొలాలున్న రైతులు ఇరవై ఆరు మంది పేర్లు చెప్పారు. ఒక్క పూటలో నా పని అయిపోయింది. నువ్వు మాత్రం మూడు రోజులు పొద్దున్నే టిఫిన్ కట్టుకుని వెళ్ళి కుంట గట్టు మీద కూర్చున్నావు. నేను నవ్వాను కూడా. ఊళ్ళో అడిగితే ఊరి పేర్లే చెప్తారక్కా, నీళ్ళ దగ్గర కూర్చుంటే నీళ్ళకు వచ్చేవాళ్ళు కనిపిస్తారు అన్నావు. అది డిసెంబరు. తలుపుల మండలం వైపు నుంచి గొర్రెల మందలతో వచ్చి, వేరుశనగ పీకేసిన చేలల్లో మేపుకుంటూ ఎండాకాలం దాకా ఆ గుట్ట కింద విడిది చేసే పదకొండు కుటుంబాలు నీకు అక్కడే కనిపించాయి. ఓబుళప్పనూ, ఆయన అక్క నరసక్కనూ నాకు చూపించింది నువ్వే. వాళ్ళ పేర్లు రాసి, వేలిముద్రలు తీసుకుని, ఒక పేజీ నా చేతికిచ్చావు.

నేను ఒప్పుకోలేదు. వాళ్ళు ఈ ఊరివాళ్ళు కారు, ఏడాదిలో సగం రోజులు ఉండరు, వాళ్ళను కలిపితే పని సాగదు అన్నాను. సాగకపోతే ఆపి మాట్లాడదాం అన్నావు నువ్వు. ఆ వాదన తెగలేదు. నేను పెద్దదాన్ని కాబట్టి ఫైలు నేను పంపాను.

మరుసటి వేసవిలో, యంత్రాలు దిగాయని గొర్రెలవాళ్ళు ఆ ఏడు ముందుగానే వెళ్ళిపోయాక, పని జరిగింది. కట్ట పెంచాం, లోపల రాళ్ళు పరిచాం, పశువులు దిగి కట్ట పాడుచేయకుండా చుట్టూ కంచె వేసి తాళం పెట్టాం. ఆ ఏడు వానలు లేవు. డిసెంబరులో గొర్రెలవాళ్ళు వచ్చేసరికి కుంట నడుమ ఉన్న కాసిని నీళ్ళకూ కంచె అడ్డం. ఓబుళప్ప తాళం చెవి కోసం కుంట కమిటీ పెద్ద రామాంజనేయులు గారింటికి రెండుసార్లు తిరిగాడట. చెవి దొరక్క మందను తోలుకుని వెనక్కి మళ్ళారు. దారిలో నాలుగు సూడి గొర్రెలు పడిపోయాయి. ఆ సంగతి బయటికి పొక్కాకే హిందూపురంలో ఆ మీటింగు జరిగింది.

దాని గురించి ఎక్కువ రాయలేను. గొర్రెలవాళ్ళను ఎందుకు అడగలేదని సార్ నిలదీశారు. అడిగాను, పేజీ రాసిచ్చాను అన్నావు నువ్వు. ఫైల్లో ఆ పేజీ లేదు. ఎక్కడో పోయి ఉంటుందని ఎవరో అన్నారు. ఫీల్డుకు వెళ్ళకుండా ఇప్పుడు కథ చెబుతున్నావని సార్ అందరి ముందూ అనేశారు. నువ్వు నా వైపు చూశావు. నేను ఫైలు వైపు చూశాను. మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి నువ్వు వెళ్ళిపోయావు.

తర్వాత సంగతులు నీకు తెలియవు.

పోయిన ఏడాది అక్టోబరులో వానలు బాగా పడ్డాయి. చుట్టుపక్కల కుంటలు నిండాయి. మనది మోకాలి లోతు దాటలేదు. ఇంజినీరు వచ్చి కట్ట చూశాడు, అలుగు చూశాడు, అంతా సరిగ్గానే ఉందన్నాడు. రామాంజనేయులు గారు నన్ను కట్ట మీద నిలబెట్టి, “ఏమ్మా, మీరు రిపేరు చేయకముందే నిండుతాండె గదా, ఏం చేసినారు దీన్ని?” అని అడిగారు.

ఆ ఊళ్ళో కూలికి పోయే తిప్పన్న అనే ముసలాయన అక్కడే నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్ళాక, పైకి ఒకసారి పోయి చూద్దామా అన్నాడు. గుట్ట ఎక్కాం. కుంటలోకి నీళ్ళు తెచ్చే కాలువ పైన మూడు పాయలుగా ఉంది. మూడూ ఇసుక మేట వేసి, రాళ్ళు దొర్లి, కంప అల్లుకుని పూడిపోయాయి. వాననీళ్ళు పక్క వంకలోకి మళ్ళిపోయాయి. ఎన్నేళ్ళుగా ఇలా ఉందని అడిగాను.

“రెండేండ్ల నుంచేనమ్మా,” అన్నాడు తిప్పన్న. “అంతకు ముందర గొర్లోళ్ళు తీస్తాండ్రి గదా, ప్రతేడూ. మీకు తెల్దా?”

తెలియదు. మన కాగితాల్లో కట్ట పొడవుంది, లోతుంది, ఎన్ని ఎకరాలకు నీళ్ళు పారతాయో ఉంది. ఆ నీళ్ళు కుంటదాకా ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయో లేదు. రైతులకు కుంట నిండడం తెలుసు. నింపేవాళ్ళను వాళ్ళూ ఎన్నడూ ఆలోచించలేదు. గుట్ట దిగుతుంటే నువ్వు మూడు రోజులు కూర్చున్న గట్టు కనబడింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

నవంబరులో కదిరి మీదుగా బస్సెక్కి తలుపుల వెళ్ళాను. ఓబుళప్ప ఊరు అక్కడినుంచి ఇంకా ఆటోలో వెళ్ళాలి. నన్ను చూసి గుర్తుపట్టి మంచం వాల్చాడు. నీళ్ళిచ్చాడు. కాలువ సంగతి అడిగితే తేలిగ్గా చెప్పాడు. “ఎండాకాలంలో మేము పోయే ముందర ఆరేడు దినాలు అందరమూ కలిసి తీసిపోతాంటిమమ్మా. మళ్ళీ మేము వచ్చేసరికి నీళ్ళుండల్ల గదా. మా నాయన కాలం నుంచి అంతే.” ఇన్నేళ్ళుగా చేస్తూ ఊరివాళ్ళకు ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఎవురూ అడగలా,” అన్నాడు.

నరసక్క గడప దగ్గర కూర్చుని మా మాటలు వింటోంది. ఆవిడ మెత్తగా మాట్లాడలేదు. “యాడిదో ఒక పాప వచ్చె. మూడు దినాలు మాతోనే కూర్చునె. మా పేర్లు రాసుకునె, వేలు పట్టుకోని ముద్రలు ఏయించుకునె. మిమ్మల్ని అడగకుండా ఏమీ చేయరవ్వా అని చెప్పె. ఆ కాగితంతోనే కంచె ఏసినారంట గదా. నమ్మించి మోసం చేసె,” అంది. అది నీ గురించి, ఉమా. నేను మంచం మీద కూర్చుని, చేతిలో గ్లాసు పట్టుకుని విన్నాను. ఆ పాప తప్పేమీ లేదని మాత్రం అన్నాను. “అయితే ఎవురిది?” అంది. బస్సుకు టైమైందని లేచాను.

అయినా వాళ్ళు వచ్చారు. సంక్రాంతి తర్వాత గుట్టకిందపల్లి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టాను. ఈసారి రెండు రోజులు గట్టు మీద కూర్చున్నాకే పిలుపులు పంపాను. బట్టలుతికే కుటుంబాలు, కట్ట మీద గడ్డి కోసుకునే ఆడవాళ్ళు, తిప్పన్న, నా పాత పేజీలో లేనివాళ్ళు ఇంకో పదిహేను మంది తేలారు.

రామాంజనేయులు గారు చెడ్డమనిషి కారు. ఆయన భయం ఆయనది. కుంట పక్కనే ఆయన నాలుగెకరాలు. ఒకసారి మంద పడి పంట పోయింది, అది మరచిపోలేదు. గొర్లోళ్ళతో సమానంగా కూర్చుని సంతకం పెట్టడం ఆయనకు కష్టంగా ఉందని కూడా తెలుస్తూనే ఉంది. గంటసేపు ఆయనొక్కరే మాట్లాడారు. ఓబుళప్ప అంతా విని, “నీ చేను మా గొర్లు తినింది నిజమే అన్నా. ఆ పొద్దు మా తమ్ముడు నిద్రపోయినాడు. ఈసారి పంట ఎత్తినాక నీ చేన్లోనే పది దినాలు మంద కడతాం, ఎరువుకు. కాలువా తీస్తాం. గొర్లు దిగేకి ఒక దారి ఈండి, అంతే,” అన్నాడు. రామాంజనేయులు గారు, దారి యాడ పెడితే కట్టకు దెబ్బ తగలదో నువ్వే చూపిద్దువు రా అన్నారు. ఇద్దరూ లేచి కుంట దగ్గరికి నడిచారు. మేమంతా వెనక వెళ్ళాం.

తూర్పు వైపు కంచె తీసి, ఏటవాలుగా దారి చేశాం. తాళం తీసేశాం. కొత్త కాగితం రాసేటప్పుడు నరసక్క ఒకటి పట్టుబట్టింది. ఉత్త పేర్లు రాస్తే వేలిముద్ర వేయనంది. “కాలువ తీసేది మేమని రాయి. ఈసారి చదివి వినిపీ,” అంది. రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను.

మే నెలలో కాలువ తీసిన ఏడు రోజులూ ఊరివాళ్ళు కూడా పారలు పట్టుకుని గుట్ట ఎక్కారు. ఏ రాయి కదిలించాలో, ఏది కదిలిస్తే నీళ్ళు పక్కకు పోతాయో నరసక్క కర్రతో చూపిస్తుంటే రామాంజనేయులు గారి కొడుకు నాగరాజు తవ్వాడు. పోయిన నెల రెండు పెద్ద వానలకు కుంట నిండింది. ఆ పొద్దున ఓబుళప్పకు ఫోన్ చేసి చెప్పింది నేను కాదు, రామాంజనేయులు గారు.

సంస్థలో ఇప్పుడు మన కుంట గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. అమరాపురం వైపు మరో రెండు కుంటల పని వస్తోంది. అక్కడ గట్టు మీద కూర్చోవడానికి నీలాంటి మనిషి కావాలి. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. కబురు చెప్పాను, అంతే.

అమ్మకు నా నమస్కారాలు. ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
నీ మాధవక్క

తా.క.: ఉమా, ఒక సంగతి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అది రాయకుండానే సంతకందాకా వచ్చేశాను.

ఆ పేజీ ఎక్కడా పోలేదు. ఫైలు పంపే ముందురోజు సాయంత్రం రామాంజనేయులు గారు అది చూసి, గొర్లోళ్ళ పేర్లుంటే నేను సంతకం పెట్టనన్నారు. ఆయన పెట్టకపోతే మిగతా రైతులూ పెట్టరు. గడువు ఇంకొక్క రోజే. పిన్ను ఊడదీసి ఆ పేజీ నేనే తీశాను. చించడానికి చేతులు రాక ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. ఆ మీటింగు రోజు కూడా అది నా బీరువాలోనే ఉంది. సార్ నిన్ను అబద్ధాలకోరును చేస్తున్నంతసేపూ నాకు తెలుసు.

మొన్న సోమవారం హిందూపురం వెళ్ళి, నిన్ను ఆ మాట అన్న గదిలోనే, అందరూ ఉండగానే ఆ పేజీ సార్ ముందు పెట్టి చెప్పాను. నీకు ఉత్తరం రాస్తానన్నారు. నా ఉద్యోగం గురించి ఇంకా ఏమీ అనలేదు.

అంతకు ముందు వారం ఓబుళప్ప నీళ్ళు చూసుకుందామని ఒక్కడే బస్సులో వచ్చాడు. కట్ట మీద నడుస్తూ ఆయనకూ చెప్పాను. పేర్లు తీసేసింది ఆ పాప కాదు, నేనని. తిడతాడనుకున్నాను.

“ఈ మాట ఆ పాపకు చెప్పినావా?” అని అడిగాడు.

లేదన్నాను.

“మరి నాకెందుకు చెప్తాండావమ్మా,” అన్నాడు. “ముందు ఆ పాప కాడికి పో.”