డెబ్భై రెండు కిలోలు

చిక్కడపల్లి,
జూన్ 9

ఏమండీ,

కవరు మీద మీ పేరు రాయడానికే నాకు పది నిమిషాలు పట్టింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఫోన్ చేద్దామంటే మీకు మాట రాదు, నా గొంతు వింటే మీరు ఏడుస్తున్నారని సిస్టర్ చెప్పింది. ఆదివారం ఆ పక్షవాతం సెంటర్‌కి వచ్చి మీ ముందు కూర్చుంటే నాకూ మాట రాదు. అందుకే ఉత్తరం. చదవడం మాత్రం మీకు పోలేదు కదా, అదే పదివేలు.

పోయిన ఆదివారం సిస్టర్ అన్నది మీరూ విన్నారు. మిమ్మల్ని మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చగలిగే మనిషి ఉంటేనే ఇంటికి పంపిస్తారట. "ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగితే ఎవరూ లేరన్నాను. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఎవరున్నారని చెప్పను? మీరు డెబ్భై రెండు కిలోలు, నేను నలభై తొమ్మిది. సిస్టర్ ఎత్తి చూపించమంటే, నా పట్టు చాలక మీరు మళ్లీ మంచం మీదే పడిపోయారు. పడి, కళ్లు మూసుకున్నారు. వారం నుంచి నాకు అదే కనిపిస్తోంది.

నవ్వకండి, జిమ్‌లో చేరాను. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, రెండో అంతస్తు. అంతా ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు తయారయ్యే పిల్లలే. నారాయణగూడ మార్కెట్ నుంచి కూరగాయల సంచీతో సహా వెళ్లాను, ఎవరి అమ్మో వచ్చిందనుకున్నారు. నేర్పే అమ్మాయి పేరు సంయుక్త. బరువులెత్తడం నేర్పమన్నాను, ఎందుకో చెప్పలేదు. కెటిల్‌బెల్ అని ఒకటి చేతికిచ్చింది. పాతకాలం తాళంకప్ప ఉంటుంది చూడండి, అట్లాంటి ఇనప ముద్ద, పైన పిడి. ఎనిమిది కిలోలు. గ్యాస్ సిలిండర్ గుంజినట్టు వంగి గుంజబోతే అరిచింది.

"అయ్యో అక్కా, వీపు వంచకు! తుంటి ఎనకకు పోవాలె. చేతులు ఉత్త తాళ్లే, ఎత్తేది కాళ్లు."

దాన్ని తీసేసుకుని నాలుగు రోజులుగా నన్ను గోడ ముందర, గోడకు వీపు చేసి నిలబెడుతోంది. వీపు నిటారుగా ఉంచి తుంటితో గోడను తాకాలి, అంతే పని. నలభై ఆరేళ్లొచ్చాక వంగడం నేర్చుకుంటున్నానండీ. పక్కన ఇరవై ఏళ్ల పిల్లలు ఇనుము ఊపుతుంటే సిగ్గేస్తోంది. అయినా మానను. మిమ్మల్ని నా చేతులతోనే ఇంటికి తెచ్చుకుంటాను.

మీ ఉదయ

చిక్కడపల్లి,
ఆగస్టు 3

ఏమండీ,

మూడు ఆదివారాలుగా రాలేదు. జ్వరమని సిస్టర్‌తో చెప్పించాను. అది అబద్ధం, నడుము పట్టేసి మంచం మీదున్నాను.

పన్నెండు కిలోలు ఎత్తాను, పదహారూ ఎత్తాను. "రెండు నెలలు పదహారు మీదనే ఉండాలె అక్కా, తొందర పడకు" అంది సంయుక్త. నాకెక్కడి ఓపిక? మూలన ఇరవై నాలుగు కిలోలది ఒకటుంది. మూడు ఇరవై నాలుగులు డెబ్భై రెండు. అది లేపితే మీలో మూడో వంతు లేపినట్టేనని పిచ్చి లెక్క వేసుకున్నాను. ఆ పిల్ల అటు తిరిగినప్పుడు పట్టి గుంజాను. నేర్పినదంతా మరిచిపోయి, చేతులతో, వీపుతో. నడుములో ఏదో పట్టుకుంది. అంతే, నేల మీద పడ్డాను.

చున్నీ ఎక్కడో, కమీజు ఎక్కడికో జరిగింది. సంయుక్త వచ్చి కూర్చుంటే, "ఎవ్వర్నీ పిలవకు తల్లీ, జరసేపట్ల నేనే లేస్తా" అని చేతులు జోడించాను.

"నువ్వు వద్దంటే ఆగుతరా ఎవరన్న?" అని కసిరింది. చున్నీ నా మీద కప్పి, ఇద్దరు మగపిల్లల్ని కేకేసింది. నన్ను ఎత్తి, రెండంతస్తులు దింపి ఆటోలో కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటిదాకా వెక్కివెక్కి ఏడ్చాను. నొప్పికనుకుని ఆటో అతను మెల్లగా నడిపాడు.

ఏమండీ, నేను ఆగాను కదా. మీరు వద్దంటే నేను ఆగాను.

ఆ రోజు పొద్దున ఆరింటికి మీరు బాత్రూంలో పడ్డారు. ఒంటి మీద నూలుపోగు లేదు. మూతి పక్కకు పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని వద్దు, వద్దు అని తల ఊపారు. గోడ అవతల నగేష్ వాళ్ల కుక్కర్ విజిల్ వినిపిస్తూనే ఉంది. ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటని మనిషి, ఈ స్థితిలో పక్కింటివాళ్ల కంట పడితే ఎట్లా బతుకుతాడు అనుకున్నాను. బీపీ తగ్గిందేమోనని చక్కెర నీళ్లు పట్టాను. తువ్వాలు కప్పాను. లుంగీ కడదామని, ఎత్తుదామని, కాసేపుంటే మీరే లేస్తారని నాలుగు గంటలు కూర్చున్నాను. పదింటికి మీ కళ్లు తేలిపోతే అప్పుడు వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను.

రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. "ఒక గంట ముందు తెచ్చినా ఇచ్చేవాళ్లం" అన్నాడు డాక్టర్. నేను అందరితో మాత్రం పడగానే తీసుకుపోయామని చెప్పాను. మీ కాలు, చెయ్యి, మాట తీసుకుంది జబ్బు కాదు, నేను. నగేష్ రోజూ మెట్ల మీద "వదినా, అన్న ఎట్లున్నడు? ఏమన్న పనుంటే చెప్పుండ్రి" అంటాడు. బాగానే ఉన్నారని తలుపు వేసుకుంటాను. అతని ముఖం చూడలేను.

ఇక బరువులు ముట్టొద్దని డాక్టర్ చెప్పాడు. మిమ్మల్ని తెచ్చుకోవడం నా వల్ల కాదండీ. అక్కడే ఉండిపోండి. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు.

మీ ఉదయ

ఆగస్టు 14

ఉదయా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. రోజుకు నాలుగైదు వాక్యాల కంటే సాగడం లేదు.

నాకు పోయింది మాట, చెవులు కాదు. డాక్టర్ ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే స్ట్రెచర్ మీద ఉన్నాను. ఆరు నెలలుగా నాకు తెలుసు. నీ మీద చాలా కోపంగా ఉండేది. నువ్వు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకునేది ఆ కోపంతోనే.

నీ ఉత్తరం చదివాక ఒకటి గుర్తొచ్చింది. నువ్వు రెండుసార్లు లేచావు. రెండోసారి గడియ మీద చెయ్యి కూడా వేశావు. రెండుసార్లూ కొంగు పట్టి వెనక్కి గుంజింది నేను. ఉన్న ఒక్క చేతి బలమంతా దానికే వాడాను. కోపంలో నేను అది మరిచిపోయాను. నువ్వు నీ తప్పు రాసుకున్నావు, నాది రాయలేదు.

ఇక్కడ పీరయ్య అని పాలమూరు మనిషి పని చేస్తాడు. పొద్దున్నే అతనూ ఇంకొకతనూ నా బట్టలు విప్పి, కడిగి, ఎత్తుతారు. మొదటి వారం చచ్చిపోదామనుకున్నాను. "ఏంది సారూ, గింత బరువైనవ్?" అంటాడు. మొన్న నాకు నవ్వొచ్చింది.

కాలు రాదు. చెయ్యి రాదు. ఆ ఆశ నువ్వు పెట్టుకోకు, నేను పెట్టుకోలేదు. కానీ నాకు ఇల్లు కావాలి. నన్ను ఎత్తడానికి ఇద్దరు మగవాళ్లు చాలు, నీ నడుము అక్కర్లేదు. ఎవరూ లేరని సిస్టర్‌తో ఎందుకన్నావు? ఈ ఉత్తరం చదవగానే వెళ్లి నగేష్ తలుపు కొట్టు. ఆ రోజు జరిగినదంతా చెప్పు. రోజూ పొద్దున ఇంకొకరిని తోడు తీసుకుని వచ్చి నన్ను ఎత్తుతాడేమో అడుగు. స్నానం దగ్గర కూడా ఎత్తాల్సి ఉంటుందని, ఒంటి మీద బట్ట ఉండదని, ఇది నేనే అడగమన్నానని చెప్పు.

నీ
జగదీశ్వర్