పది గంటల టిఫిన్

జూన్ 16, సోమవారం

షహజాదీ ఆపా బండి లేదు. సిద్దిపేట బస్టాండ్ గేటు పక్కన ఆమె జాగల తాడు కట్టి 'నో వెండింగ్ జోన్' అని బోర్డు పెట్టిన్రు. కండక్టర్ డ్యూటీల చేరినప్పటి సంది ఆపా బండి కాడ కిచిడీ, ఖట్టా పులుసు తిన్నంకనే నా ఫస్ట్ ట్రిప్పు. ఇయ్యాల గజ్వేల్ దాకా ఉత్త కడుపుతోనే టికెట్లు కొట్టిన. డ్రైవర్ పెద్దయ్యన్న ఒక బిస్కెట్ పుడ తెచ్చిండు. ఇద్దరం చెరి సగం.

జూన్ 17

డ్యూటీ దిగి ఆపా ఇంటికి పోయిన. ఏడుస్తుందేమో అనుకున్న. సంతోషంగ ఉన్నది! పట్టణ ఆహార కమిటీ అని కొత్తగ పడ్డదట. రోడ్డు మీది తిండి బండ్లన్నిటికీ మార్కెట్ వెనక ఫుడ్ కోర్టుల జాగ ఇచ్చిందట. మీద రేకులు, నల్లా, సింకు. ఇగ వాన పడితే పొయ్యి ఆరిపోదు సుధమ్మా అన్నది. ఆమె భర్త అమీనుద్దీన్ భాయ్ కొత్త గంటె గూడ కొన్నడు. నాకూ మంచిగనే అనిపించింది.

పొద్దుగాల ఎన్నింటికి తెరుస్తరు ఆపా అని అడిగిన.

పదింటికి అన్నది.

పదింటికి! అప్పటిదాకా గేటుకు తాళమట. కమిటీ టైమింగ్స్. తెల్లారకముందే ఆమె బండి కాడ తినేది ఎవరు? మూటలు మోసేటోల్లు, రోడ్లు ఊడ్చేటోల్లు, కూరగాయలకు పోయే ఆడోల్లు, మేము. మమ్మల్ని ఒక్కరన్న అడిగిన్రా? నువ్వన్న చెప్పలేదా అంటే ఆపా తల వంచుకున్నది. ఎక్కువ మాట్లాడితే ఆ జాగ గూడ పోతదని భయం.

జూన్ 21

ఇయ్యాల గూడ బిస్కెట్లే. నా సగం గూడ పెద్దయ్యన్నకే ఇచ్చిన.

జూన్ 24

రాజమవ్వ బస్సుల పడిపోయింది.

ఆమె రోజూ నా బస్సులనే గజ్వేల్ పోయి కూరగాయలు తెచ్చి సిద్దిపేటల అమ్ముతది. షుగర్ మనిషి. ఇన్నొద్దులు ఆపా బండి కాడనే గోలీ ఏసుకొని తినేది. ఇయ్యాల గోలీ ఏసుకున్నది, తిననీకి ఏం దొరకలే. కుకునూర్‌పల్లి దాటినంక సీట్లకెల్లి పక్కకు ఒరిగింది. ఒళ్లంత చెమట. నన్ను చూసి ఎవరు బిడ్డా నువ్వు అన్నది. నన్ను!

ఒకామె సంచిల బెల్లం ఉండె. నీళ్లల్ల కలిపి కొంచెం కొంచెం తాపిన. పెద్దయ్యన్న ఏ స్టాపుల ఆపకుంట సీదా దవాఖానకు కొట్టిండు. స్టాపులు దాటిపోతున్నా ప్యాసింజర్లే తొందరగ పోనియ్యి అన్నరు. గండం గడిచింది, ఇంకొంచెం లేటైతే అని డాక్టర్ అంతటితోనే ఆపిండు.

వాపస్ ట్రిప్పుల చిల్లర కోసం అందరి మీద అరిచిన. భయం కాదు. కోపం.

జూన్ 27

కమిటీ మీటింగ్ అందరికీ ఓపెన్ అని పేపర్ల ఏసిన్రు. లీవ్ పెట్టి పోయిన. రాజమవ్వ నేను గూడ వస్త అన్నది. ఆపా రాలే.

ఏసీ హాలు. టేబుల్ మీద జీడిపప్పు, రాగి లడ్డూలు. కన్వీనర్ కర్ణాకర్ సార్ తెర మీద బొమ్మలు చూపెట్టుకుంట హెల్దీ సిటీ, హెల్దీ ఫుడ్ అని చాన సేపు చెప్పిండు. నేను లేచిన. ఏ సంఘం తరఫున అని అడిగిండు. తినేటోల్ల తరఫున అన్న. వెనక ఎవరో నవ్విన్రు.

రాజమవ్వ సంగతి చెప్పిన. పాపం అన్నడు. అని, సర్వే చేసినం మేడం, జనం బయట తినేది సాయంత్రమే అన్నడు. ఎక్కడ చేసిన్రు సార్ అంటే, జనం షికారుకు వచ్చే కోమటిచెరువు కట్ట మీద. ఎప్పుడు? సాయంత్రం!

పొద్దటి పూట తిండి ఇంట్ల వండుకుంటే ఆరోగ్యం గదా అన్నడు మల్ల. రాజమవ్వ కుర్చీ పట్టుకొని లేచింది. అప్పుడు అడిగింది: "నువ్వు ఎన్నింటికి లేస్తవు బిడ్డా?"

సార్ నోటెడ్ అన్నడు. నెక్స్ట్ పాయింట్ అన్నడు.

జూన్ 28

నోటెడ్ అంట. నోటెడ్!

జూలై 1

ఆపాకు ఫుడ్ కోర్టుల గిరాకీ లేదు. పదింటికి కిచిడీ ఎవరు తింటరు? అందుకే ఇయ్యాల ధైర్యం చేసి, చిన్న డేగ్‌ల వండుకొని తెల్లారకముందే బస్టాండ్ మూలకు వచ్చింది. నేను ప్లేట్ పట్టుకున్ననో లేదో, కమిటీ వ్యాన్ వచ్చి ఆగింది. డేగ్ గుంజుకున్నరు. పొగలు పోతున్న డేగ్! అమీనుద్దీన్ భాయ్ అడ్డం పోతే చెయ్యి కాలింది. లొల్లి పెట్టిన, వ్యాన్ ముంగట నిలబడ్డ. ఆర్డర్స్ మేడం అన్నరు. పెద్దయ్యన్న హారన్ కొడుతుండు, బస్సు టైమైంది. పోక తప్పలే.

గజ్వేల్ దాకా మనసంత ఆ డేగ్ మీదనే. చిల్లర గూడ తప్పు ఇచ్చిన.

జూలై 3

దేవిక కలిసింది. మెయిన్ రోడ్డు ఊడ్చేటోల్ల గ్రూప్ లీడర్. డేగ్ సంగతి ఆమెకు నాకంటె ముందే తెలుసు. వ్యాన్‌ను ఆపలేకపోయిన అని నేను బాధపడుతుంటే మెల్లగ అన్నది: "ఆపుడెందుకక్కా? వాళ్లు చెప్పినట్టే విందాం."

అర్థం కాలే. నవ్వి పోయింది.

జూలై 4

అర్థమైంది!

తెల్లారినా మెయిన్ రోడ్డు మీద ఒక్క చీపురు లేదు. ఆడోల్లందరు ఫుడ్ కోర్టు గేటు ముంగట వరసగ కూసున్నరు. సూపర్‌వైజర్ వచ్చి అరిస్తే దేవిక చెప్పిందట, తినకుంట ఊడ్వలేము సార్, టిఫిన్ పదింటికే అని కమిటీ రాసింది, పదింటికి తింటం, తిన్నంక ఊడుస్తం. అట్లనే చేసిన్రు. గిరాకీ నిండిన బజార్ల దుమ్ము లేపిన్రు. బట్టల షాపులోల్లు షటర్లు దించుకున్నరు. కమిటీకి ఫోన్ల మీద ఫోన్లు. ఈసారి లొల్లి పెట్టింది మేము కాదు, షాపుల ఓనర్లు!

జూలై 5

రెండో రోజు. వాన. చెత్త అట్లనే నానుతుంది. దేవికకు నోటీస్ ఇస్తమన్నరట. పనికి రాలేదని ఎట్ల రాస్తరు, అందరు వచ్చి గేటు కాడనే కూసున్నరు గద.

జూలై 7

గేటు తెరిచిన్రు. తెల్లారకముందే. డేగ్ వాపస్ ఇచ్చిన్రు. దేవికకు నోటీస్ రాలే. కొత్త టైమింగ్స్ బోర్డు గూడ పెట్టిన్రు. 'ప్రజల సౌకర్యార్థం, కమిటీ ప్రత్యేక అధ్యయనం మేరకు' అని.

ఏం అధ్యయనం? రాజమవ్వ పడిపోవుడా? భాయ్ చెయ్యి కాలుడా? ఒక్కరు వచ్చి తప్పైంది అనలే. ఆ బోర్డు పక్కనే నిలబడి కిచిడీ తిన్న. రెండు ప్లేట్లు.

జూలై 9

కర్ణాకర్ సార్ వచ్చిండు, అంత పొద్దుగాల. ఫోటో తీసేటోడు వెంట లేడు. ఆపా కిచిడీ లైన్ల నా వెనకనే నిలబడ్డడు. ముంగటికి రమ్మంటనేమో అని చూసిండు.

నేను జరగలే.