బొంగరం కోసం ఒక సాయంత్రం హాలు

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూర్ఛవ్యాధి గల మా అక్క కూతురికి రక్షణ పరికరాలు కొనుటకై, టిక్కెట్టు పెట్టి కథలు చదివి వినిపించుటకు, వచ్చే ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాలు ఇప్పించుట గురించి.

నేను తమ పురపాలక గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు అతికించే సహాయకురాలిని. ఎదురుగా నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు కనుక రాసుకుంటున్నాను.

1. పాపకు ఏడేళ్ళు. కుదురుగా ఉండదు గనుక ఇంట్లో బొంగరం అంటాము. కొనవలసినవి రెండు. ఒకటి, చుట్టూ మెత్తలున్న హెల్మెట్. అది లేనిదే బడిలో ఆటస్థలానికి పంపరు. రెండోది, పరుపు కింద పెట్టే యంత్రం. నిద్రలో మూర్ఛ వచ్చి పాప ఒళ్ళు కొట్టుకోగానే అది గట్టిగా మోగుతుంది. ఏ వేళకు మోగిందో తనలో నమోదు చేసుకుంటుంది కూడా. ప్రస్తుతం ఆ యంత్రం పని మా అక్క చేస్తున్నది. పాప మణికట్టును తన మణికట్టుకు మెత్తటి గుడ్డపీలికతో కట్టుకుని పడుకుంటుంది. పడుకుంటుంది అన్నది మర్యాదకు రాసిన మాట. పగలు బట్టల కొట్టులో మీటరు కర్ర పట్టుకుని నిలబడే కునుకు తీస్తుంది.

2. టిక్కెట్టు పెట్టే కార్యక్రమాలకు, లబ్ధిదారు కష్టాన్ని విచారణ జరిపేవారు స్వయంగా చూసి ధ్రువీకరించాలని నిబంధన ఉన్నది. డాక్టరు గారి ఉత్తరం జతపరిచాను. అది డాక్టరు గారు చూసినదే గాని తాము చూసినది కాదని సెక్షన్ గుమాస్తా గారు సెలవిచ్చి, పాపను తీసుకురమ్మన్నారు. ఆ నిబంధన ఇళ్ళు కాలిపోయినవారి కోసం రాసినదని తర్వాత తెలిసింది. కాలిన ఇల్లు గుమాస్తా గారు వచ్చేదాకా కాలినట్టే ఉంటుంది. మూర్ఛకు అంత ఓపిక లేదు.

3. తీసుకువెళ్ళాము. పాప ఆయన బల్ల పక్కన కూర్చుని, ఆయన బిస్కెట్లు తిని, ఆయన రబ్బరు ముద్రను తన చేతి మీద మోచేతి దాకా వేసుకున్నది. మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు.

"పాప బాగానే ఉందిగా అమ్మా?" అన్నారాయన, కొంచెం నొచ్చుకుంటూ.

"ఇప్పుడు బాగానే ఉందండీ" అన్నది అక్క.

"మరి నేనేం రాయను? చూడంది రాస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది." ఆయన పాప వైపు తిరిగి, "నీకెప్పుడొస్తుందే తల్లీ?" అని అడిగారు.

"నాకు తెలీదు తాతా. వచ్చి వెళ్ళాక కూడా నాకు తెలీదు. అమ్మనడగాలి."

అమ్మ మాట చెల్లదు గనుక, "పరిశీలనా సమయమున బాలిక ఆరోగ్యముగా, హుషారుగా ఉన్నది" అని ఫైలు మీద రాశారు. ఆ రెండో మాట అభిమానంతో చేర్చినది. ఆయనపై నాకు ఫిర్యాదు లేదు.

4. పరుపు కింది యంత్రమే ఉంటే, తమ కార్యాలయం అడిగే సాక్ష్యం వేళతో సహా అదే ఇచ్చేది. అది ఉంటే ఈ అర్జీ అవసరమే ఉండేది కాదు. ఈ ముడి ఎటునుంచి విప్పాలో నాకు తోచలేదు.

5. మళ్ళీ రమ్మంటే మళ్ళీ వెళ్ళాము. సాయంత్రం కార్యాలయం మూసి అందరం బయటికి వస్తుండగా, మెట్ల మీద పాపకు మూర్ఛ వచ్చింది. అక్క పక్కకు తిప్పి పట్టుకున్నది. తలకు రాయి తగలకుండా గుమాస్తా గారు తమ చెయ్యి కింద పెట్టారు. వేళ్ళు కమిలాయి. పాప తేరుకునేదాకా ఆయన బస్సు ఎక్కలేదు. ఇక చూశారు కదా అని మర్నాడు నేనే వెళ్ళి అడిగాను. ఆయన అప్పటికే చూసినది రాసి పంపిన ఫైలు మీద పైఅధికారి రాసినది నా ముందు పెట్టారు: "సంఘటన కార్యాలయ వేళల అనంతరము జరిగినది. మెట్లు కార్యాలయ పరిధిలోనివి కావు. విచారణగా పరిగణించుటకు వీలులేదు."

కావున అయ్యా, డాక్టరు గారి ఉత్తరమే చాలుననుకుని హాలు ఇప్పించ ప్రార్థన. అది వీలుకాకపోతే, మెట్లు తమ పరిధిలోనివి కావని తమ కార్యాలయమే రాతపూర్వకంగా తెలిపినందున, ఆదివారం సాయంత్రం ఆ మెట్ల మీదే చదువుతాను. వాటికి అనుమతి అడగవలసిన అధికారి ఎవరూ లేరని అర్థం చేసుకున్నాను.

ఈ మనవి చిత్తగించి, శనివారంలోగా ఏదో ఒక మాట చెప్పించవలెను.

తమ విధేయురాలు,
గ్రంథాలయ సహాయకురాలు
(బొంగరం పిన్ని)

తా.క.: ఇది ఇవ్వబోతే గుమాస్తా గారు నిలబడే చదివి, మెట్ల మీదైతే కుర్చీ ఇంటినుంచి తెచ్చుకోవాలా అని మాత్రం అడిగారు. నేను పదిమందిలో ఎన్నడూ గొంతెత్తినదాన్ని కాను. తమరు వస్తే దయచేసి ముందు వరుసలో కూర్చోవద్దు. అక్క రానన్నది. కథ మధ్యలో నిద్రపోతానేమోనని సిగ్గట. రమ్మనే చెప్పాను. అంతమందిమి పాపను చూస్తూ ఉంటాము. ఆ కాసేపైనా పడుకోనివ్వండి.