దోనకు పెట్టిన బొట్టు

బెంగళూరులో ఉన్న మా ఆయనకు ఇంటి నుంచి భారతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్త, మామ, నేను తిని తిరుగుతున్నాం. మీ కాలి పుండు మానిందని రాశారు, సంతోషం. పైఅంతస్తులు ఎక్కేటప్పుడు జాగ్రత్త.

పోయిన ఉత్తరంలో వాన సంగతి అడిగారు. పడలేదు. చెనక్కాయ విత్తనం ఇంకా మూటలోనే ఉంది. మీ నాయన జీవాలను ఎందుకు అమ్మినాడని కూడా అడిగారు. అమ్మలేదు. పద్నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. మీకు తెలియనీయొద్దని మామ అన్నాడు.

కొండ మీద దోనకు కంచె వేశారు. రాళ్ళ సందులో ఎండాకాలం కూడా నీళ్ళుండే దోన, మీరు ఈత నేర్చుకున్నదే. ఇప్పుడది జింకలకు మాత్రమేనట, గార్డును పెట్టారు. ఊర్లో జీవాలకు సరిపడా నీళ్ళు లేక మామ పక్క ఊరి తొట్టికి తోలుకుపోయేవాడు. జీవాలు దారిలోనే ఒకటొకటిగా పడిపోయాయి.

మీరు పోయిన తర్వాత, కార్తీకంలో అడవి ఆఫీసు వాళ్ళు వచ్చారు. వాళ్ళతో కలిసి పనిచేసే ఏదో సంస్థ నుంచి సరళ మేడం కూడా వచ్చింది. కొండను కాపాడే పనిలో ఊరివాళ్ళకూ భాగం ఉండాలని, పటం మేమే గీయాలని చెప్పింది. కొండ అంతా తెలిసింది రామసుబ్బమ్మకే గదా. మొగుడు పోయినప్పటి నుంచి మేకలతో అక్కడే తిరుగుతుంది. బడి ముందు ఆమె చెబుతుంటే నేను ముగ్గుపిండితో గీశాను. అంతమందిలో తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం ఆడించాను.

మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు. మేడం కుంకుమ తట్ట రామసుబ్బమ్మ చేతికిచ్చి, "అన్నిటికంటే విలువైన చోట ఎర్ర గుర్తు పెట్టండి" అని ఫోను మాట్లాడుతూ పక్కకు పోయింది.

"నువ్వు పెట్టు పాపా. ముండమోసినదాన్ని, నేను ముట్టగూడదు" అంది రామసుబ్బమ్మ.

దేవుడికి పెట్టినట్టే దోనకు బొట్టు పెట్టాను. మేడం వచ్చి ఫోటో తీస్తుంటే సిగ్గేసి పక్కకు జరిగాను.

వాళ్ళ పటంలో ఎరుపంటే మనుషులూ జీవాలూ పోకూడని చోటు. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. కంచె పడ్డాకే తెలిసింది.

పంచాయతీ గోడకు అతికించిన ఫోటోలో తట్ట పట్టుకుని రామసుబ్బమ్మ ఒక్కతే ఉంది. ఊరంతా ఆమె మీద పడింది. "ఏమ్మే, బొట్టు లేనిదానివి కొండకు బొట్టు పెడితివే! నా జీవాలను మింగితివి గదే!" అని మామ ఆమె మొహాన ఉమ్మాడు. గుర్తు పెట్టినవాళ్ళే గడువులోపల వచ్చి పొరపాటని సంతకం చేస్తే మారుస్తామని అడవి వాళ్ళు అన్నారు. చెయ్యమని అందరూ ఆమెను పీక్కుతిన్నారు.

"నేను పెట్టని బొట్టు నేనెట్ల తుడిసేదప్పా?" అంది. ఎవరు పెట్టారో చెప్పలేదు. నేను అత్త వెనక నిలబడి ఉన్నాను.

కుళాయి దగ్గర ఆమె బిందెను రానీయలేదు. పోయిన శనివారం ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని, "అంత ఇష్టమైతే పెట్టుకోవే" అని నుదుటి నిండా కుంకుమ పూశారు. అత్త తట్ట నాకిచ్చి, "నువ్వూ పుయ్యి. సచ్చిండేది మన జీవాలే" అంది.

పూశాను. ఆమె మెల్లగా, "పుయ్యి పాపా, నీకు చేతనవుతాది" అంది. మతి పోయిందని అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే మేకలను తోలుకుని నల్లమాడలో చెల్లెలి దగ్గరకు పోయింది.

మొన్న అత్తకు మాత్రలు తెస్తానని చెప్పి అడవి ఆఫీసుకు పోయాను. ఎర్ర గుర్తు నేనే పెట్టానని చెప్పాను.

"గడువు సోమవారంతోనే అయిపాయ గదమ్మా. ఇన్నాళ్ళూ ఏం జేస్తాంటివి?" అన్నాడు అక్కడి ఆయన.

ఇక నేను నిజం చెప్పినా కంచె పోదు. రామసుబ్బమ్మ మాత్రం ఊరికి రావచ్చు. అందుకు ఆమె నిలబడిన చోట నేను నిలబడాలి. ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు. ఈ ఉత్తరం ఊరికి వచ్చి మీ నాయనకు చదివి వినిపిస్తారో, చించేస్తారో మీ ఇష్టం. చించేస్తే బాగుండునని నాకు ఉంది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

ఇట్లు,
మీ భార్య
భారతి