‘ఆవిడ’ అనే క్లాసుకు ఇంటిపేరు

సాంకేతిక విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు, నీటి సరఫరా కార్యాలయపు వెబ్ పేజీలు దిద్దు ఉద్యోగి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పేజీల రూపు నిర్ణయించు స్టైల్ షీట్ నుండి, అందులో కొన్ని వరుసల కట్టకు పెట్టిన ‘ఆవిడ’ అను క్లాసు పేరును తొలగించవలెనన్న తమ ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

1. ప్రతి క్లాసు పేరుకు ముందు, అది పేజీలో ఏ భాగానికి చెందినదో ఆ భాగం పేరు చేర్చవలెనని, అనగా ఇంటిపేరు లేని పేరు చెల్లదని తమరు ఉత్తర్వు చేసియున్నారు. శిరసావహించితిని. ‘బటన్’ కాస్తా ‘అర్జీ-బటన్’ ఐనది. ‘ఆవిడ’ ఒక్కటే మిగిలినది. దాని పక్కన తమరు ఎర్ర సిరాతో “ఎవరీవిడ?” అని రాసియున్నారు.

2. ఆవిడ మూడో కిటికీలో అర్జీలు తీసుకొను గుమస్తా. ఆమె కంప్యూటరులోని బ్రౌజరు బహు పాతది. కొత్త పద్ధతిలో రాసిన వరుస దానికి అర్థం కాదు. అర్థం కాలేదని చెప్పనూ చెప్పదు, వదిలేసి ముందుకు పోవును. కనుక ప్రతి కొత్త వరుసకు ముందు అదే సంగతి పాత పద్ధతిలోనూ రాసియుంటిని. ఈ జంట వరుసలన్నీ ‘ఆవిడ’ కిందనే ఉన్నవి.

3. అవి తీసివేసినచో ఆమె తెరమీద బటన్లు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చొనును. అర్జీలు తీసుకొనుట కుదరక కిటికీ మూతపడును. ఆమెను ఊరవతలి గోదాముకు బదిలీ చేయుదురని వినికిడి. అప్పుడు “ఏమండీ, మళ్లీ బటన్లు కొట్టుకుంటున్నాయి, ఒకసారొచ్చి విడదీస్తారా?” అని నన్ను పిలుచువారెవరు? అయ్యా, ఆ ‘ఏమండీ’ కోసమే నేను రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొస్తున్నాను. ఇది ఫైలులో పెట్టదగిన సంగతి కాదు. అయినా పెడుతున్నాను.

4. కొత్త పద్ధతిలోనూ చెప్పి చూచితిని. ఫోనుకు ఎర్ర గుండె బొమ్మ పంపితిని. ఆమె ఫోనూ పాతదే. “ఖాళీ డబ్బా వచ్చిందండీ, అందులో ఏముండాలి?” అని అడిగెను. “సర్వరు బాగాలేదండీ” అని వచ్చేశాను.

5. కావున ‘ఆవిడ’కు ఇంటిపేరు తప్పదన్నచో, నా ఇంటిపేరు ఇచ్చుటకు నాకేమీ అభ్యంతరం లేదు. ఆమెకు ఉన్నదేమో ఇంకా అడగలేదు.

పై అంశములు చిత్తగించవలెను. మిగతా క్లాసులు ఏమైనా చేసుకోండి, ‘ఆవిడ’ను మాత్రం తీసివేయకండి.

తమ విధేయుడు,
వెబ్ పేజీల ఉద్యోగి

తా.క.: ఏ అర్జీ అయినా తమ బల్ల చేరకముందు మూడో కిటికీలో ముద్ర పడవలెను. ఆ సంగతి మరచి రాశాననుకోకండి. పాత పద్ధతిలో రాస్తే అర్థమవుతుందని రాశాను.

*(మూడో కిటికీ ముద్ర కింద, నీలి సిరాతో)*

అందినది. పై అధికారి గారికి పంపడమైనది. నా ఇంటిపేరు నేనే ఉంచుకుంటాను. ఐదో అంశంలో మిగతాదానికి అభ్యంతరం లేదు. ఏమండీ, ఇవాళ బటన్లు బాగానే ఉన్నాయి. అయినా ఒకసారి రండి.