అమ్మ జారిన బండ

అమ్మా, నేను బ్యాంకుకు పోతున్నా. పప్పు స్టవ్ మీదే ఉంది, వేడి చేసుకుని తిను. ఆదెయ్య మామయ్య వస్తే తాటిమట్టలు కొట్టి ఉంచమను. ఆదివారం అక్క పిల్లలు వాటి మీద కూర్చుని కొండ మీద జారతారు.

పొద్దున మామయ్యతో పోయి చోటు చూసొచ్చా. మొదట చూసిన బండ కింద అన్నీ ముళ్లపొదలే. నువ్వు మేకలు కాసిన బండే బాగుంది, కింద మెత్తటి మట్టి. కానీ అమ్మా, దాని నడుమ మనిషి పట్టేంత దారి అద్దంలా మెరుస్తోంది! నీళ్లకు అరిగిందనుకున్నా. "నీళ్లేందే! మీ అమ్మ, మా అమ్మ, మా అమ్మమ్మ జారిన జారుడే ఇది" అన్నాడు మామయ్య. ఆ దారిని పైనుంచి అందినంత దాకా చేత్తో నిమిరా.

మోకాళ్లు నొప్పి, నేను రానని మాత్రం అనొద్దు. నేనూ మామయ్యా పట్టుకుని ఎక్కిస్తాం.

ఇంకో మాట. నీ నీలం చీర మడిచి కింద వేసుకుని నేనూ జారా. చిరిగింది. తిట్టేదేదో కొండ మీదికొచ్చి తిట్టు.